చిన్నమ్మ అడిగిన ఫ్రాన్సు రాజు

చిరంజీవులు పెద్దోడికి, చిన్నమ్మకు అమ్మమ్మ ఆశీస్సులు.

చిన్నమ్మా, మొన్న నువ్వు ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ గురించి ఫోన్లో అడిగావే, "72 ఏళ్లు రాజుగా ఉన్నాడంటే చాలా మంచి రాజై ఉంటాడు కదా అమ్మమ్మా" అని. అది ఫోన్లో తేలే మాట కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. అన్నయ్యకి కూడా చదివి వినిపించు.

పద్నాలుగో లూయీ 1638లో పుట్టాడు. 1643లో తండ్రి పోయేసరికి వాడికి ఐదేళ్లు కూడా నిండలేదు. పేరుకు వాడు రాజు, పెత్తనం తల్లి ఆన్ రాణిది, మంత్రి మజారిన్‌ది. పన్నుల బరువు మీద పారిస్ తిరగబడింది, పెద్ద పెద్ద జమీందార్లూ కత్తులు పట్టారు. 1651 ఫిబ్రవరిలో ఒక రాత్రి, రాణి పిల్లవాణ్ణి తీసుకుని దొంగతనంగా ఊరు దాటబోతోందని పుకారు పుట్టింది. జనం కోటలోకి వచ్చేశారు, రాజును కళ్లారా చూస్తే గాని కదలమన్నారు. లూయీ బయటికి వెళ్లే బట్టలతోనే దుప్పటి కప్పుకుని, కళ్లు మూసుకుని, నిద్ర నటించాడు. ముక్కూమొహం తెలియని వాళ్లు ఒకరి వెనక ఒకరు మంచం పక్కకి వచ్చి, తొంగి చూసి వెళ్లారు. అప్పుడు వాడికి పన్నెండేళ్లు. పెద్దోడా, నీ వయసే. ఆ రాజు తర్వాత చేసిన పనుల్లో సగానికి మూలం ఆ భయమేనని నాకనిపిస్తుంది.

1661లో మజారిన్ చనిపోయాడు. ఇక ప్రధానమంత్రి అక్కర్లేదు, అన్నీ నేనే చూసుకుంటానన్నాడు లూయీ. అన్నట్టే యాభై ఏళ్లకు పైగా రోజూ గంటల తరబడి రాచకార్యాలు చూశాడు. సోమరి అని ఎవరూ అనలేరు. పారిస్‌కి దూరంగా, తండ్రి వేటకు కట్టుకున్న ఇంటి చుట్టూ వెర్సాయ్ కోట లేపి, 1682లో కొలువంతా అక్కడికి మార్చాడు. తన మీద కత్తి దూసిన వంశాలవాళ్లను అక్కడే కళ్లెదుట ఉంచుకున్నాడు. పొద్దున్నే రాజుగారికి చొక్కా అందించడం ఒక గౌరవం, రాత్రి పడుకునేవేళ కొవ్వొత్తి పట్టుకోవడం ఇంకో గౌరవం. వాటికోసం ప్రభువులు పోటీలు పడేవారు. కొలువుకు రానివాడి కోసం ఎవరైనా సిఫారసు చేస్తే, "ఆయన నాకెప్పుడూ కనపడడే" అనేవాడట.

ఆటపాటలంటే ప్రాణం. పద్నాలుగేళ్లకే సూర్యుడి వేషం కట్టి రంగం మీద నాట్యం చేశాడు, సూర్యరాజు అన్న పేరు అలా నిలిచిపోయింది. నాటకాలు రాసే మోలియేర్‌ని, సంగీతం కూర్చే లుల్లీని చేరదీశాడు. 1666లో శాస్త్రవేత్తలకు అకాడమీ పెట్టించాడు. ఇవి మంచి పనులే, కాదనను.

ఇక ఫౌంటెన్ల సంగతి వినండి. వెర్సాయ్ తోటల్లో వందల ఫౌంటెన్లు పెట్టించాడు. ఆ ఊళ్లో నీళ్లేమో లేవు. అన్నీ ఒకేసారి విప్పితే నీళ్లు చాలవు. అందుకని రాజుగారు నడిచివచ్చే దారి కనిపెట్టి, పనివాళ్లు ఈలలతో ఒకరికొకరు కబురు పెట్టుకునేవారు. ఆయన దగ్గరికొస్తుంటే ముందున్న ఫౌంటెన్ విప్పేవారు, దాటగానే కట్టేసేవారు. సేన్ నది నీళ్లు పైకి తోడడానికి మార్లీ దగ్గర 14 పెద్ద చక్రాలతో ఒక యంత్రం కట్టారు. 1684లో అది తిరగడం మొదలైంది. అదీ చాలలేదు. ఎక్కడో ఉన్న యూర్ నదిని మళ్లిద్దామని 1685లో వేలాది సైనికులను తవ్వకానికి దింపారు. జ్వరాలు పట్టుకుని అక్కడ కుప్పలుగా చచ్చిపోయారు. 1688లో యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. చుక్క నీరు రాలేదు. ఆ నీళ్లను దాటించడానికి మాంటెనాన్ ఊళ్లో కట్టిన రాతి కమానులు ఇప్పటికీ మొండిగా నిలబడి ఉన్నాయి.

మన వైపు కూడా ఆయన వైభవానికి చెమటోడ్చిన వాళ్లున్నారమ్మా. తావెర్నియే అనే వర్తకుడు గోల్కొండ రాజ్యం నుంచి పట్టుకెళ్లిన నీలి వజ్రాన్ని లూయీ 1660ల చివర్లో కొన్నాడు. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని పరిశోధకులు చాలామంది అనుకుంటున్నారు. ఆ గనిలో 60,000 మంది పనిచేసేవారని, మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారని తావెర్నియే స్వయంగా రాశాడు. ఆ వజ్రాన్ని 1792లో దొంగలు ఎత్తుకుపోయారు. దాన్ని మళ్లీ కోయగా మిగిలిందే ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రం.

నేను క్షమించలేనిది 1685లో చేసిన పని. తాతగారు ప్రొటెస్టెంట్లకు ఇచ్చిన మతస్వేచ్ఛ శాసనాన్ని రద్దు చేశాడు. అంతకుముందే సైనికులను వాళ్ల ఇళ్లలో దించి, మతం మారేదాకా పీడించారు. సుమారు రెండు లక్షల మంది నేత పనివాళ్లు, గడియారాల పనివాళ్లు, వర్తకులు దేశం విడిచి పారిపోయారు.

యుద్ధాలైతే ఒకదాని వెనక ఒకటి. ఆ ఖర్చుకు పన్ను కట్టింది ప్రభువులు కాదు, చాలావరకు వాళ్లకు మినహాయింపు. కట్టింది రైతులు. 1693-94 కరువులో పది లక్షలకు పైగా జనం పోయారు. 1709 చలికి వెర్సాయ్ గదుల్లోనే సీసాలు గడ్డకట్టి పగిలాయి, పొలాల్లో గోధుమ మొలకలు మాడిపోయాయి. అప్పుడు రాజు తన బంగారు పళ్లేలు కరిగించడానికి పంపాడు. అప్పుడు నడుస్తున్న యుద్ధం మాత్రం 1714 దాకా సాగింది.

కొడుకు, మనవడు, పెద్ద మునిమనవడు ఏడాది తిరక్కుండా పోయారు. 1715లో కాలు కుళ్లి తాను మంచాన పడ్డప్పుడు, ఐదేళ్ల చిన్న మునిమనవణ్ణి దగ్గరికి పిలిచాడు. నాకు యుద్ధమంటే మరీ ఇష్టమైపోయింది, నువ్వు అలా చేయకు, ఖర్చులోనూ నన్ను చూసి నడవకు, జనం బరువు తగ్గించు అని చెప్పాడు. చావు ముంగిట అంత మాట ఒప్పుకున్నందుకు నాకు ఆయన మీద కొంత గౌరవం కలుగుతుంది. కానీ చిన్నమ్మా, సెప్టెంబరు 1న ఆయన పోయాక శవాన్ని ఫ్రాన్సు రాజుల సమాధులుండే సాన్ దెనీకి తీసుకెళ్తుంటే, దారి పక్కన జనం తాగుతూ, పాడుతూ, తిట్టిపోశారు. వాళ్లలో చాలామందికి పుట్టి బుద్ధెరిగాక తెలిసిన రాజు ఆయనొక్కడే.

ఆ ఐదేళ్ల పిల్లవాడు పెద్దయ్యాక తాతమాట విన్నాడా లేదా అన్నది ఇంకో ఉత్తరంలో రాస్తాను. అమ్మను అడిగానని చెప్పండి.

మీ అమ్మమ్మ