మామునూరు: అయిదు కిలోమీటర్ల తేడాతో ఆగిపోయిన విమానాశ్రయం

వరంగల్ నుంచి ఖమ్మం వైపు వెళ్తుంటే మామునూరు దగ్గర రోడ్డు పక్కన పొడవాటి మైదానం ఒకటి వస్తుంది. కొత్తవాళ్లు బీడు భూమి అనుకుంటారు. దగ్గరికి వెళ్తే పగుళ్లలోంచి గడ్డి మొలిచిన పాత రన్‌వే కనిపిస్తుంది. దీనిమీద మళ్లీ విమానం దిగుతుందన్న మాట విని విని వరంగల్‌లో ఒక తరానికి విసుగొచ్చింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ చివరికి అనుమతి ఇచ్చింది. వెంటనే ఆ క్రెడిట్ మాదంటే మాదని పార్టీలు గొడవపడ్డాయి. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందన్నది మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

ఈ విమానాశ్రయాన్ని చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1930లో కట్టించాడని చెప్తారు. అప్పట్లో విస్తీర్ణం 1,875 ఎకరాలు. వరంగల్ ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ పేపరు మిల్లు అవసరాల కోసమే కట్టారన్న మాట ఏ వార్త చూసినా ఉంటుంది. ఇక్కడ నాకో సందేహం. ఆజంజాహి మిల్లు మొదలైందే 1934లో. కాగజ్‌నగర్‌లో కాగితం తయారీ 1942కి గానీ మొదలుకాలేదు. ఇంకా పునాది పడని మిల్లుల కోసం ముందే రన్‌వే వేశారంటే నమ్మడం కొంచెం కష్టం. మిల్లులొచ్చాక విమానాశ్రయం వాటికి పనికొచ్చి ఉంటుంది, ఆ రెండు సంగతులూ తర్వాత ఒకే కథలో కలిసిపోయి ఉంటాయి.

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఉత్తరాది విమానాశ్రయాలకు ప్రమాదమని ప్రభుత్వ విమానాలను తెచ్చి మామునూరులో ఉంచారని చెప్పుకుంటారు. 1981 వరకు ఇక్కడ రాకపోకలు సాగాయంటారు. ఆ తర్వాత మామునూరు పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది పోలీసు బెటాలియన్, పోలీసు శిక్షణ కళాశాల. విమానాశ్రయం పేరు మీద మిగిలింది 696 ఎకరాలు.

అసలు ముడి 2004 డిసెంబరులో పడింది. శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం కోసం కేంద్రం, జీఎంఆర్ ఆధ్వర్యంలోని కంపెనీతో ఒప్పందం చేసుకుంది. శంషాబాద్ తెరిచిన నాటి నుంచి 25 ఏళ్ల దాకా గగనమార్గంలో 150 కిలోమీటర్ల లోపు వేరే విమానాశ్రయం రాకూడదన్న షరతు అందులో ఉంది. హైదరాబాద్ పాత విమానాశ్రయం బేగంపేటకు ప్రయాణికుల విమానాలు ఆగిపోయిందీ ఆ ఒప్పందంతోనే. ప్రైవేటు కంపెనీ వేల కోట్లు పెట్టేటప్పుడు పక్కనే పోటీ వద్దని అడగడం వ్యాపారంలో మామూలే. కానీ ఆ కంపెనీలో కేంద్ర సంస్థకు 13 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం వాటా కూడా ఉన్నాయి. అంటే వరంగల్‌కు అడ్డం పడిన షరతు మీద మన ప్రభుత్వాల సంతకమూ ఉన్నట్టే.

శంషాబాద్ 2008 మార్చిలో తెరుచుకుంది కాబట్టి గడువు 2033 దాకా ఉంది. మ్యాపు మీద గీత గీసి చూస్తే శంషాబాద్‌కూ మామునూరుకూ మధ్య దూరం సుమారు 145 కిలోమీటర్లు. ఇంకో అయిదారు కిలోమీటర్లు తూర్పుకు ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఇంకో విచిత్రం చూడండి. కర్ణాటకలోని బీదర్ శంషాబాద్‌కు మామునూరు కంటే దగ్గర. అక్కడ వైమానిక దళం రన్‌వే సిద్ధంగా ఉండటం, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్రం వారి ఉడాన్ పథకం తోడవడంతో 2020 ఫిబ్రవరిలోనే బెంగళూరు విమానం మొదలైంది. కంపెనీ సరేనంటే షరతు సడలుతుందని అప్పుడే తేలిపోయింది. మామునూరు విషయంలో ఆ ‘సరే’ రావడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది.

ఉడాన్ మొదలైన 2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ విమానాలు కూడా ఎగిరాయి. 2021 మార్చిలో కర్నూలు ఓర్వకల్లుకూ విమానం వచ్చింది. తెలంగాణలో మాత్రం టికెట్ కొని ఎక్కాలంటే శంషాబాద్ ఒక్కటే దిక్కు.

ఇక సౌకర్యాల సంగతి. రన్‌వే ఉందిగా, టెర్మినల్ కడితే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. పాత రన్‌వే రెండు కిలోమీటర్లు కూడా లేదు. ఏటీఆర్ లాంటి చిన్న విమానానికి అది సరిపోవచ్చు. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 నిండుగా జనంతో ఏ కాలంలోనైనా ఎగరాలంటే ఇంకా పొడవు కావాలి. వెడల్పు 45 మీటర్లు కావాలి. మబ్బు పట్టినప్పుడు పరికరాల సాయంతో దిగాలంటే రన్‌వే మధ్య గీత నుంచి రెండు వైపులా 140 మీటర్ల చొప్పున చదునుగా, అడ్డం లేకుండా ఉంచాలి. భూమి ఎక్కువగా తినేది ఇదే. ఫైరింజన్ల లెక్క కూడా విమానం పొడవును బట్టే ఉంటుంది. 27 మీటర్ల ఏటీఆర్ 72కి ఒక బండి సరిపోతే, 37 మీటర్లు దాటిన ఏ320కి కనీసం రెండు సిద్ధంగా ఉండాలి. ఆ బళ్లకు నీళ్లు, ఫోమ్, మూడు నిమిషాల లోపు రన్‌వే ఏ మూలకైనా చేరే దారి ఉండాలి. టెర్మినల్ అద్దాలు ఫొటోల్లో కనిపిస్తాయి గానీ ఖర్చులో సగం సంగతి ఇలాంటి చోట్లే ఉంటుంది.

అందుకే 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇంకో 253 ఎకరాలు సేకరించడానికి 205 కోట్ల రూపాయలు కేటాయించింది. రన్‌వే పొడిగింపు, టెర్మినల్, కంట్రోల్ టవర్, విమానాలకు దారి చూపే పరికరాలు అన్నీ ఆ భూమి లెక్కలోనివే. ఒకప్పుడు 1,875 ఎకరాలున్న చోట మళ్లీ 253 ఎకరాల కోసం నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి వైపు రైతులతో బేరమాడాల్సి వచ్చింది. ఎకరాకు ఎంతిస్తారన్నది వాళ్ల మొదటి ప్రశ్న. రన్‌వే అడ్డంగా సాగితే మా ఊరి రోడ్డు ఎటు తిప్పుతారన్నది రెండోది.