ఫోటోలు కలపడం: ఒక ఆల్బమ్ డిజైనర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లందరికీ ఈ మాట అలవాటే: "బాబూ, పోయిన మా ఆయన్ని కూడా పిల్ల పక్కన నిలబెట్టవా?" చేతికిచ్చేది ఎప్పుడో దిగిన పాస్‌పోర్ట్ సైజు ఫోటో. ఆ తర్వాతి మాట ఇంకా అలవాటు: "కంప్యూటర్లో రెండు నిమిషాల పనేగా!"

అపోహ: ఇది ఫోటోషాప్‌తో పుట్టిన గారడీ

కంప్యూటర్ ఊహలో కూడా లేని 1857లో ఇంగ్లండ్‌లో ఆస్కార్ రెయిలాండర్ 30కి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే పెద్ద చిత్రం ముద్రించాడు. మరుసటి ఏడాది హెన్రీ పీచ్ రాబిన్సన్ 5 నెగటివ్‌లతో, చావుకు దగ్గరైన అమ్మాయి, చుట్టూ ఇంటివాళ్లు ఉన్న దృశ్యాన్ని తయారుచేశాడు. ఇంత బాధాకరమైన దృశ్యాన్ని ఫోటోగా చూపిస్తారా అని కొందరు మండిపడ్డారు కూడా. ఫోటోషాప్ 1990లో వచ్చింది కానీ, లేయర్లు, అంటే ఒకదానిమీద ఒకటి పరిచే విడివిడి పొరలు, వచ్చింది 1994లో, 3.0 వెర్షన్‌తో. అంతకుముందు ఒకసారి అతికిస్తే అతికినట్టే, మళ్లీ విడదీయడం ఉండేది కాదు. ఆ రోజుల్లో ఈ పని చేసినవాళ్లకు దండం పెట్టాలి.

అపోహ: బ్లెండింగ్ మోడ్‌లు ఎఫెక్టులు, ఏదో ఒకటి బాగుండేదాకా నొక్కుకుంటూ పోవాలి

కొత్తగా చేరిన కుర్రాళ్లంతా ఇదే చేస్తారు. నేనూ చేశాను. నిజానికి పై లేయర్ కింది లేయర్‌తో ఎలా కలవాలో చెప్పే ఈ మోడ్‌లు ఉట్టి లెక్కలు. ఒక్కో రంగు చానెల్‌లో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) పిక్సెల్‌కి, అంటే ఫోటోలోని ఒక్కో చుక్కకి, 0 నుంచి 255 దాకా ఒక అంకె ఉంటుంది. మల్టిప్లై అనే మోడ్ పై లేయర్ అంకెనీ కింది లేయర్ అంకెనీ గుణించి 255తో భాగిస్తుంది. 128 మీద 128 వేస్తే 64 వస్తుంది, అంటే చీకటి పెరుగుతుంది. తెలుపు 255 కాబట్టి అది ఉన్నచోట కింది ఫోటోలో మార్పే ఉండదు. అందుకే తెల్ల కాగితం మీద గీసిన ముగ్గు డిజైన్‌ని కత్తిరించక్కర్లేదు, మల్టిప్లైలో పెడితే కాగితం మాయమవుతుంది. స్క్రీన్ అనే మోడ్ దీనికి తిరగేత, నలుపు మాయమవుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. దీపావళి రాత్రి తీసిన చిచ్చుబుడ్డి రవ్వల్ని జంట వెనక స్క్రీన్‌లో పెడతాం. రవ్వలు బాగానే వస్తాయి, కానీ చుట్టూ లేత చతురస్రం గీత కనిపిస్తుంది. ఎందుకంటే మన కంటికి నల్లగా కనిపించే ఆకాశం అంకెల్లో 0 కాదు, ఏ 12 దగ్గరో ఉంటుంది. లేయర్ స్క్రీన్‌లో ఉండగానే వెలుగు-చీకట్లు సర్దే లెవెల్స్ తెరిచి, ఎడమవైపు నల్ల ముక్కోణాన్ని కొంచెం లోపలికి జరిపితే ఆ చతురస్రం కరిగిపోతుంది. దీనికోసం ఎరేజర్ పట్టుకుని గంటసేపు రుద్దేవాళ్లను చూశాను.

ఇంకో సంగతి. మల్టిప్లై, స్క్రీన్‌లలో పై లేయర్‌నీ కింది లేయర్‌నీ తారుమారు చేసినా ఫలితం అదే. ఓవర్‌లే అనే మోడ్‌లో అలా కుదరదు. కింద ఉన్నది వెలుగా, చీకటా అన్నదాన్ని బట్టి అది పనిచేస్తుంది. తారుమారు చేస్తే వచ్చేది హార్డ్ లైట్ అనే ఇంకో మోడ్ ఫలితం.

అపోహ: కటింగ్ నీటుగా ఉంటే చాలు

నాకు గుణపాఠం అయింది ఇక్కడే. ఒక పెళ్లి ఫోటోలో మండపం లైటు ఎడమవైపు నుంచి పడుతోంది. కలపాల్సిన తండ్రి ఫోటోలో వెలుగు కుడివైపు నుంచి ఉంది. తేలికైన దారి కదా అని ఆయన్ని అద్దంలోలా తిప్పేశాను. వెంట్రుక వెంట్రుకా కత్తిరించాను, వెలుగు కూడా చక్కగా కుదిరింది. ముద్రణకు ముందు చూపించే ప్రూఫ్ చూసిన పెళ్లికూతురి అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది: "ఈయనకి పుట్టుమచ్చ ఎడం చెంపన కదా బాబూ..."

తలెత్తలేకపోయాను.

మళ్లీ మొదట్నుంచి చేశాను. ఈసారి తిప్పలేదు. పైన 50 శాతం బూడిద రంగు లేయర్ సాఫ్ట్ లైట్ అనే మోడ్‌లో వేశాను. ఆ మోడ్‌లో ఆ రంగు కనిపించదు, దాని మీద తెల్ల బ్రష్ పెడితే వెలుగు, నల్ల బ్రష్ పెడితే నీడ. బ్రష్ ఓపాసిటీ (రంగు చిక్కదనం) 5 శాతం దాటకుండా, కుడి చెంప వెలుగు తగ్గిస్తూ ఎడమ చెంపకి వెలుగు పూశాను. పాత ఫోటో గరుకుగా ఉంటుంది, పెళ్లి ఫోటో నున్నగా ఉంటుంది. అందుకని చివర్లో అన్నిటి మీదా కలిపి కొంచెం గ్రెయిన్, అంటే సన్నటి చుక్కల గరుకుదనం, వేశాను. పాదాల కింద నీడకి ఉట్టి నలుపు వాడితే మనిషి గాల్లో తేలినట్టుంటాడు. కింద పరిచిన తివాచీ రంగునే ముదురు చేసి మల్టిప్లైలో పెట్టాలి, చెప్పు నేలని తాకేచోట బాగా చిక్కగా, దూరమయ్యేకొద్దీ పలచగా.

కలిసిందో లేదో చూసుకోవడానికి అన్నిటికంటే పైన, కిందివాటిని నలుపు-తెలుపులో చూపించే ఒక బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి చూస్తాను. రంగు పోగానే ఎవరు అతికించినట్టున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

అపోహ: లేయర్లు ఎక్కువుంటే పని గొప్పది

కాదు, ఫైల్ బరువు. అంతే.

రెండో ప్రూఫ్ పట్టుకెళ్లినప్పుడు ఆవిడ ముందు పుట్టుమచ్చే చూసింది. ఆ తర్వాతే కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.