పాటిమన్నులో దొరికిన సిముకుడు

వరంగల్‌లో పెరిగినవాడికి చరిత్ర అంటే కాకతీయులే. కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప, అక్కడితో సరి. అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందే, శాతవాహనుల కాలంలో, ఈ ఉత్తర తెలంగాణలో ఇటుక గోడలు, బావులు, సొంత నాణేలు ఉన్న పట్టణాలు ఉండేవని నాకు చదువంతా అయిపోయాక గానీ తెలియలేదు. అది కూడా కరీంనగర్ నుంచి రాయపట్నం పోతూ, కోటిలింగాల బోర్డు కనబడితే ఊరికే బండి తిప్పినందుకు తెలిసింది.

మన పల్లెల్లో పాత ఊరు పాడుబడి మిగిలిన దిబ్బను పాటిగడ్డ అంటారు. ఆ మట్టి పాటిమన్ను. తరతరాల బూడిద, పేడ, ఎముకలు, ఇంటి చెత్త అన్నీ కలిసిన మట్టి కాబట్టి పైరుకు మంచి బలం, అందుకే ఎండాకాలం వచ్చిందంటే రైతులు దాన్ని బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవాళ్ళు. తప్పు పట్టడానికేం లేదు, ఎవరి అవసరం వాళ్ళది. కాకపోతే అదే దిబ్బ పురావస్తు శాఖవాళ్ళకు ఒక క్యాలెండర్. కింది పొర పాతది, పై పొర కొత్తది, మధ్యలో ఎవరైనా గుంత తవ్వితే తేదీలన్నీ కలగాపులగం. నాణెం చేతికి దొరికితే అది ఎవరిదో తెలుస్తుంది. ఎప్పటిదో తెలియాలంటే మాత్రం ఏ పొరలో, దేని పక్కన, దేని కింద దొరికిందో రాసిపెట్టుకుని ఉండాలి.

ఇటువైపు తవ్వకాలు పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో 1960ల చివర్లో మొదలయ్యాయి. ఇటుకతో కట్టిన బావులు, కమ్మరి పని జరిగిన గుర్తులు, ఇరవై వేలకు పైగా శాతవాహన నాణేలు బయటపడ్డాయి. తర్వాత ధూళికట్టలో తవ్వితే మట్టికోట, దగ్గర్లోనే బౌద్ధ స్తూపం, బుద్ధుడికి పడగ పట్టిందని బౌద్ధులు చెప్పే ముచలింద నాగు చెక్కిన రాతిపలక దొరికాయి. ఆంధ్రులకు గోడలు, బురుజులు ఉన్న పట్టణాలు 30 ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు, ఆ సమాచారం మౌర్యుల కాలపు గ్రీకు రాయబారి మెగస్తనీస్‌దని చాలామంది నమ్మకం. ధూళికట్ట ఆ 30లో ఒకటి అని మావాళ్ళు గట్టిగానే చెప్తారు. అయ్యుండొచ్చు, కానీ ప్లినీ పేర్ల లిస్టేమీ ఇవ్వలేదు.

అసలు కథ కోటిలింగాలది. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోట, ఒడ్డు మీద పెద్ద మట్టికోట. తవ్వకాల కంటే ముందే దిబ్బ మీద నాణేలు దొరుకుతుండేవి, వాటిని చెత్త అనుకోకుండా ఏరి దాచిపెట్టింది ఒక పోస్ట్‌మాస్టర్ అని చెప్తారు. అవి శాసనాల పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి చేతికి చేరాయి. వేలిగోరంత, బొటనవేలంత లోహపు ముక్కలు, అంచులు అరిగిపోయి, మీద పచ్చటి చిలుము. వాటి అంచున ఆ కాలపు లిపి బ్రాహ్మి అక్షరాలు, అవి కూడా సగం నాణెం బయటే ఉండిపోతాయి, ఎందుకంటే అచ్చు పెద్దది, లోహం ముక్క చిన్నది. ఒకదాని మీద మొదటి సగం, ఇంకోదాని మీద రెండో సగం కనిపిస్తే, పది నాణేలు పక్కపక్కన పెట్టుకుని ఒక్క పేరు పూర్తి చేయాలి.

అట్లా చదవగా గోభద, నారన, కంవాయ, సమగోప అని ఏ పురాణంలోనూ లేని రాజుల పేర్లు వచ్చాయి. ఆ తర్వాత ఇంకో పేరు వచ్చింది: ఛిముక సాతవాహన.

పురాణాలు శాతవాహన వంశపు మొదటి రాజు పేరును ఒకచోట శిశుకుడు, ఇంకోచోట సింధుకుడు, మరోచోట శిప్రకుడు అంటాయి. తాళపత్రం కాపీ చేసినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో అక్షరం మార్చుకుంటూ పోయారన్నమాట. మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో మాత్రం గోడ మీద 'సిముక' అన్న పేరు, దాని కింద బొమ్మ ఉన్న చోట పాదాల ఆనవాళ్ళు మిగిలాయి. ఇలాంటి ఆధారాలతోనే శాతవాహనుల సొంతూరు మహారాష్ట్రలోని పైఠాన్ వైపని చాలాకాలం వాదించారు. కోటిలింగాల నాణేలు వచ్చాక ఆ వాదన కదిలింది.

నాణేలు వ్యాపారంతో పాటు ఎక్కడికైనా పోతాయి కదా అని మీరు అడగొచ్చు. రోమన్ బంగారు నాణెం సముద్రాలు దాటి వస్తుంది, నిజమే. కానీ కూరగాయలు కొనే చిల్లరను ఎవరూ అంత దూరం మోసుకెళ్ళరు. ఒకే చోట, వరసగా అనేక రాజుల చిల్లర దొరికిందంటే ఆ చిల్లర అక్కడే చెలామణి అయిందనుకోవడం సబబు. దాన్నిబట్టి రాజధాని కూడా అదే అనేస్తే మాత్రం ఒక అడుగు ఎక్కువ వేసినట్టే. నాణెం మీది ఛిముకుడూ పురాణాల్లోని మొదటి రాజూ ఒక్కరేనా అన్న దాని మీద కూడా పండితులందరూ ఒక్క మాట మీద లేరు. నా మట్టుకు నాకు ఒక్కరే అనిపిస్తుంది, కానీ నేను ఈ జిల్లాలవాడిని, నా మాటకు కొంచెం తరుగు తీసేసుకోండి.

ఈ తగువు తీర్చగలిగేది పొరలే. వాన కడిగితే దొరికిన నాణెం పేరు చెప్తుంది, పొర చెప్పదు. అందుకే 1979లో వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తు శాఖ పార పట్టింది, కొన్ని సీజన్ల పాటు తవ్వింది. అయితే తవ్వింది కోటలో కొద్ది భాగమే, మిగతాదంతా ఇప్పటికీ పొలాలు, ఇళ్ళ కింద ఉంది. ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు బ్యాక్‌వాటర్ కూడా అక్కడిదాకా వచ్చింది.

ఆ రోజు బండి దిగి ఒడ్డు వెంబడి నడుస్తుంటే, గట్టు తెగిన చోట ఎర్రటి కుండపెంకు ఒకటి సగం బయటికి పొడుచుకొచ్చి కనిపించింది. దాని మీద ఓ బూడిద చార, కింద ఇంకో చార. లాగి జేబులో వేసుకోవాలని చెయ్యి దురద పెట్టింది. లాగితే ఆ రెండు చారల మధ్య అది ఉండేదని ఇక నేను తప్ప చెప్పేవాళ్ళు ఉండరు. ఫోన్‌తో ఫొటో తీసి, పెంకును అట్లాగే వదిలేసి వచ్చాను.