చేయెత్తని 205 మంది

2025లో ఢిల్లీ హైకోర్టు జడ్జిగా ఉండగా ఇంట్లో మంటలు రేగి, కాలిన నోట్లు బయటపడ్డ జస్టిస్ యశ్వంత్ వర్మ పేరు మళ్లీ పేపర్లోకి వచ్చిన ప్రతిసారీ మా బరంపురం కోర్టు బయట ఒకటే ప్రశ్న. "కాలిన నోట్లు దొరికాయి కదా, మరి కేసెందుకు పెట్టలేదు?" ఒడియావాళ్లూ అడుగుతారు, తెలుగువాళ్లూ అడుగుతారు. గంజాం జిల్లాలో ఒక సివిల్ జడ్జి మీద ఆరోపణ వస్తే కటక్‌లోని హైకోర్టు ఒక్క ఉత్తర్వుతో సస్పెండ్ చేయగలదు. హైకోర్టు జడ్జి విషయానికి వచ్చేసరికి పార్లమెంటు మొత్తం కదలాలి. కింది కోర్టుకు, పై కోర్టుకు ఇంత తేడా ఏమిటని ఒక ముసలి గుమస్తా నన్ను నిలదీశాడు. అతనికి చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను.

2025 మార్చి 14 రాత్రి ఢిల్లీలో ఏం జరిగిందో, అగ్నిమాపక సిబ్బంది ఏం చూశారో అందరికీ తెలుసు. ఆ కథ మళ్లీ అక్కర్లేదు. అసలు ముడి 1991, 1993 మధ్య పడింది. అందులో ఒక మామ, ఒక అల్లుడు ఉన్నారు. ఒడిశా మనుషులు ఇద్దరున్నారు. తర్వాత మా బరంపురానికే ఎంపీ అయిన తెలుగాయన ఒకరున్నారు.

ముందు మామ సంగతి. కె. వీరాస్వామి మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం అప్పీళ్లన్నీ వెళ్లింది ఆ మద్రాసు హైకోర్టుకే. 1976లో ఆయన పదవిలో ఉండగానే సీబీఐ ఆదాయానికి మించిన ఆస్తుల కేసు పెట్టింది. పదవి నుంచి దిగిపోయాక కూడా కేసు వెంటాడింది. అవినీతి నిరోధక చట్టం జడ్జిలకు వర్తించదని ఆయన సుప్రీంకోర్టు దాకా పోరాడారు. పదిహేనేళ్ల తర్వాత, 1991 జూలై 25న, ఐదుగురు జడ్జిల ధర్మాసనం మెజారిటీతో తీర్పు చెప్పింది. చట్టం జడ్జిలకూ వర్తిస్తుంది. అయితే భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించకుండా ఏ హైకోర్టు జడ్జి మీదా, సుప్రీంకోర్టు జడ్జి మీదా ఎఫ్ఐఆర్ పెట్టకూడదు.

ఆ షరతు వెనుక కారణం ఉంది. ప్రభుత్వం తనకు నచ్చని జడ్జి మీదకు పోలీసులను ఉసిగొల్పకూడదన్నది వాళ్ల భయం, అది నిజమైన భయమే. కానీ 2025లో వర్మ మీద ఎఫ్ఐఆర్ కోరినవాళ్లకు అడ్డొచ్చింది కూడా ఆ షరతే. పోలీసు దారిలో తలుపు అలా సగం మూసుకుంది. తీర్మానంతో జడ్జిని తొలగించే పార్లమెంటు దారి మాత్రం అప్పటికి తెరిచే ఉంది.

ఆ దారి అల్లుడి దగ్గర మూసుకుపోయింది.

వీరాస్వామి అల్లుడు వి. రామస్వామి. మద్రాసులో జడ్జి అయి, 1987లో పంజాబ్, హర్యానా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చండీగఢ్ వెళ్లారు. 1989 అక్టోబరులో సుప్రీంకోర్టుకు వచ్చారు. వచ్చాక చండీగఢ్ లెక్కలు బయటపడ్డాయి. అధికార నివాసానికి కొన్న సామాను, తివాచీలు, ఫోన్ బిల్లులు, అన్నీ ప్రజల డబ్బే. 1990లో ప్రధాన న్యాయమూర్తి సవ్యసాచి ముఖర్జీ, ఈ వ్యవహారం తేలేదాకా కోర్టులో కూర్చోవద్దని ఆయనకు బహిరంగంగా సలహా ఇచ్చారు. రామస్వామి సెలవు పెట్టారు. ఆ సెప్టెంబరులో ముఖర్జీ చనిపోయారు.

తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది రంగనాథ్ మిశ్రా. చిలికా సరస్సుకు దగ్గరున్న బాణపూర్ ఆయన సొంతూరు. ముగ్గురు జడ్జిల సంఘం ఒకటి ఈ వ్యవహారాన్ని చూసింది. జడ్జిని పని చేయకుండా ఆపడానికి చట్టంలో ఆధారం లేదని ఆ సంఘం చెప్పింది. రామస్వామి మళ్లీ బెంచి మీదికి వచ్చారు. అక్షరం ప్రకారం సంఘం మాట తప్పు కాదు. కానీ అక్కడ కూర్చున్న మనిషి మీద నమ్మకం పోయాక, ఎదుట నిలబడి వాదించాల్సిన వకీలుకు అక్షరం ఒక్కటే సరిపోదు.

రెండో ఒడిశా మనిషి లోక్‌సభ స్పీకర్ రవి రాయ్, కేంద్రపడా ఎంపీ. 1991 ఫిబ్రవరి 27న 108 మంది సభ్యులు రామస్వామి తొలగింపు కోరుతూ ఆయనకు నోటీసు ఇచ్చారు. మార్చి 6న ప్రధాని చంద్రశేఖర్ రాజీనామా చేశారు, సభ ఎప్పుడు రద్దవుతుందో తెలియదు. నోటీసును పక్కన పెట్టి కూర్చున్నా అడిగేవాళ్లు లేరు. రవి రాయ్ అలా చేయలేదు. మార్చి 12న తీర్మానాన్ని స్వీకరించి విచారణ కమిటీ వేశారు. మర్నాడే సభ రద్దయింది. ఈ ఒక్క రోజు గురించి మన దగ్గర తగినంతగా చెప్పుకోరని నా బాధ. సభ రద్దయితే తీర్మానం కూడా పోయినట్టేనని ప్రభుత్వం వాదించింది. పోలేదని 1991 అక్టోబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది. రవి రాయ్ ఆ ఒక్క రోజు జాగు చేసి ఉంటే అక్కడ తేల్చడానికే ఏమీ మిగిలేది కాదు.

కమిటీలో సుప్రీంకోర్టు జడ్జి పి.బి. సావంత్, బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.డి. దేశాయ్, రిటైరైన సుప్రీంకోర్టు జడ్జి ఓ. చిన్నపరెడ్డి ఉన్నారు. చిన్నపరెడ్డి తెలుగువాళ్లకు పరిచయం చేయాల్సిన పేరు కాదు. రామస్వామి ఆ విచారణలో పాల్గొనడానికి ఒప్పుకోలేదు. పాల్గొనని మనిషి లెక్కలను కాగితాల మీద ఒక్కొక్కటే సరిచూసి, 1992 జూలైలో కమిటీ నివేదిక ఇచ్చింది. 14 అభియోగాల్లో 11 నిజమని తేల్చింది.

1993 మే 10, 11 తేదీల్లో లోక్‌సభలో చర్చ. తీర్మానం పెట్టింది సోమనాథ్ ఛటర్జీ. రామస్వామి తరఫున కపిల్ సిబల్ గంటల తరబడి వాదించారు. ఆ ఖర్చులకు జడ్జి ఒక్కరినే బాధ్యుణ్ణి చేయడం అన్యాయమన్నది ఆ వాదన సారం. దక్షిణాది జడ్జి కాబట్టే ఇలా చేస్తున్నారన్న మాట కూడా సభ బయట గట్టిగా తిరిగింది. కానీ కమిటీలో ఉన్న చిన్నపరెడ్డిది కూడా దక్షిణాదే.

ఓటింగు జరిగింది. సభలో ఉన్నవారు 401 మంది. తీర్మానానికి అనుకూలం 196. వ్యతిరేకం ఒక్కటీ లేదు. మిగిలిన 205 మంది, కాంగ్రెస్, మిత్రపక్షాల సభ్యులు, ఓటే వేయలేదు. తీర్మానం నెగ్గాలంటే మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, అంటే 270 మందికి పైగా, చేయెత్తాలి. వీగిపోయింది.

ఆ జడ్జి నిర్దోషి అని 205 మందిలో ఒక్కరూ ఓటుతో చెప్పలేదు. చెప్పి ఉంటే ఎందుకు నిర్దోషి అని అడగొచ్చు. నివేదికలో ఫలానా చోట తప్పుందని అని ఉంటే సరిచూడొచ్చు. ఏమీ అనకుండా కూర్చున్నవాళ్లను ఏం అడగగలం? పార్టీ విప్ ఇవ్వలేదు, ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్లు నడుచుకున్నారన్నది కాంగ్రెస్ వివరణ. 205 మనస్సాక్షిలు ఒకే క్షణాన ఒకే రకంగా మౌనం వహించాయంటే నాకు నమ్మకం కుదరదు.

అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు. మూడేళ్లకు, 1996లో, ఆయన నంద్యాలతో పాటు మా బరంపురం నుంచి కూడా పోటీ చేసి రెండు చోట్లా గెలిచారు. నంద్యాల వదులుకుని బరంపురం ఉంచుకున్నారు. ఇక్కడి తెలుగు వీధుల్లో ఆయన మనవాడు. మా ఇంట్లో కూడా అంతే. ఆర్థిక సంస్కరణల గురించి, బాబ్రీ గురించి మావాళ్లు ఆయన్ను ఎన్నో అనుకున్నారు. 1993 మే 11 గురించి ఎవరూ అనుకోగా నేను వినలేదు. అది నాకు ఇప్పటికీ లోటుగానే ఉంది.

రామస్వామి పదవిలోనే కొనసాగి 1994 ఫిబ్రవరిలో రిటైరయ్యారు. 2025 మార్చి 8న చనిపోయారు. అప్పటికి వర్మ ఇంట్లో మంటలు రేగడానికి ఇంకా ఆరు రోజులుంది.

ఆ ఓటింగు తర్వాత పార్లమెంటు మీద ఆశ వదులుకుని, న్యాయవ్యవస్థ తన ఇంట్లోనే ఏదో ఒక ఏర్పాటు వెతుక్కుంది. 1999లో సుప్రీంకోర్టు అంతర్గత విచారణ పద్ధతిని ఆమోదించింది. 2011లో కలకత్తా హైకోర్టు జడ్జి సౌమిత్ర సేన్ మీద తీర్మానం రాజ్యసభలో నెగ్గింది. లోక్‌సభకు రాకముందే ఆయన రాజీనామా చేశారు. 2018లో ఒడిశాకే చెందిన ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా మీద ఇచ్చిన నోటీసును రాజ్యసభ చైర్మన్ వెంకయ్యనాయుడు మూడు రోజుల్లో తిరస్కరించారు. ఆ ఆరోపణలు ఏ కమిటీ ముందుకూ రాలేదు. వాటిలో నిజమెంతో అటు మిశ్రాకూ మేలు చేసేలా తేలలేదు, ఇటు ఆరోపించినవాళ్లకూ తేలలేదు.

వర్మ మీద మొదట నడిచింది ఆ అంతర్గత పద్ధతే. నోట్లు కాలిన గది మీద ఆయనకు, కుటుంబానికి అదుపు ఉందని ముగ్గురు జడ్జిల కమిటీ చెప్పింది. ఆ డబ్బు తనది కాదని వర్మ అంటున్నారు. ఆ పద్ధతినే సవాలు చేస్తే 2025 ఆగస్టు 7న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఐదు రోజులకు స్పీకర్ ఓం బిర్లా 146 మంది ఎంపీల నోటీసును స్వీకరించి, 1968 నాటి జడ్జిల విచారణ చట్టం కింద కొత్త కమిటీ వేశారు. 1991లో రవి రాయ్ నడిచింది ఆ చట్టం దారిలోనే.

ఏ జడ్జి మీదైనా తీర్మానం మళ్లీ లోక్‌సభ ఓటింగు దాకా వస్తే, అనుకూలమో వ్యతిరేకమో మా బరంపురం ఎంపీ చెప్పాలి. కోరాపుట్ ఎంపీ చెప్పాలి. సరిహద్దుకు అవతల శ్రీకాకుళం ఎంపీ చెప్పాలి. ఆ గుమస్తాకు కూడా ఇదే చెప్పాను. ఓటింగు జాబితా వచ్చిన రోజు ముగ్గురి పేర్లూ వెతికి చూపిస్తానని మాట ఇచ్చాను.