పాయింట్ల లెక్క 2010లోనే తప్పింది

తప్పులో మోసమో బయటపడి ఉపసంహరించుకున్న పరిశోధన పత్రాలకు 2025 ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం ఉన్నత విద్యాసంస్థలకు ఇచ్చే) ర్యాంకుల్లో తొలిసారి మార్కులు కోయడంతో పత్రాలు లెక్కపెట్టి అధ్యాపకులకు పదోన్నతి పాయింట్లు ఇవ్వడంపై పాత తగవు మళ్లీ రాజుకుంది. పత్రాలు రాసింది అధ్యాపకులు కాబట్టి తప్పూ వాళ్లదేనన్న మాట వినిపిస్తోంది. రాయక తప్పని స్థితికి వాళ్లను నెట్టిందెవరు?

సైటేషన్ల (ఒక పత్రాన్ని ఇతర పత్రాలు ఉటంకించడం) లెక్కకు ఆద్యుడైన యూజీన్ గార్ఫీల్డ్, ఒక జర్నల్ పత్రాలను సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను తలపెట్టింది తన సైటేషన్ల సూచీకి జర్నళ్లను ఎంచుకోవడానికి. మన దగ్గర ఆ కొలతతో మనుషులకు పాయింట్లు వేసింది విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2010 నిబంధనలు. అసలు మలుపు అక్కడే.

ఆ పట్టిక చూడండి. రెఫరీలు (అదే రంగపు నిపుణులు) పరిశీలించే జర్నల్‌లో పత్రం వస్తే 15 పాయింట్లు ఇచ్చేవారు. రెఫరీలు లేకున్నా ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్య ఉన్న గుర్తింపు పత్రికైతే 10. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1-2 మధ్య ఉంటే అదనంగా 10, 5-10 మధ్య ఉంటే 25. ఐఎస్‌ఎస్‌ఎన్ పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చే సంఖ్య మాత్రమే. లోపల అచ్చయ్యేదాని నాణ్యతతో దానికి సంబంధం లేదు. అలాంటి సంఖ్య పదోన్నతి ఫైల్లో అర్హత అయి కూర్చుంది.

ఇంటర్వ్యూల్లో పైరవీలు నడిచేవని, అంకెలైతే అందరికీ ఒకటేనని సమర్థకులు అంటారు. పైరవీల మాట నిజమే. రెండోది మాత్రం కాదు. తాళ్లపాక కవుల భాషపై ఏళ్ల తరబడి పనిచేసి తెలుగులో రాసే అధ్యాపకురాలికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయి? ప్రయోగశాల కూడా సరిగా లేని డిగ్రీ కళాశాలలో వారానికి 16 గంటలు పాఠాలు చెప్పే సహాయ ఆచార్యుడు ఏం పెట్టి పరిశోధన చేయాలి? కనీస పాయింట్లలో కొంత తేడా చూపినా, కేంద్రీయ విశ్వవిద్యాలయానికీ ఆ కళాశాలకూ పత్రాల లెక్క ఒక్కటే అయింది.

గిరాకీ ఉన్నచోటికి సరుకు దానంతటదే వస్తుంది. డబ్బు కడితే అచ్చువేసే జర్నళ్లు వచ్చాయి. ఈ వ్యాపారం మనకు దూరంలో లేదు: హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ పరిశోధకులను మోసగించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అక్కడి కోర్టు తీర్పిచ్చింది.

యూజీసీ 2017లో ఆమోదిత జర్నళ్ల జాబితా తెచ్చింది. అందులో విశ్వవిద్యాలయాల సిఫార్సుతో చేరిన 1,009 జర్నళ్లను పరిశోధకులు పరీక్షించి, 2018లో ‘కరెంట్ సైన్స్’లో ఫలితాలు ప్రచురించారు. 88 శాతానికి పైగా నాసిరకమేనని తేలింది. సరైన చిరునామా, సంపాదకుల పేర్లు లేనివి కొన్ని. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి అబద్ధాలు చెప్పినవి మరికొన్ని. ఆ ఏడాదే 4,305 జర్నళ్లను తొలగించారు. 2019లో దాని స్థానంలో కేర్ అనే కొత్త జర్నళ్ల జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసి, ఏ జర్నల్ మంచిదో తేల్చే పనిని మళ్లీ ఆ విశ్వవిద్యాలయాలకు, కళాశాలలకే అప్పగించారు.