తుమ్మలపల్లె బోరునీళ్లు, కప్పట్రాళ్ల భయం

కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేస్తారన్న వార్త 2024లో పొక్కగానే చుట్టుపక్కల పల్లెలు రోడ్డెక్కాయి. అది అన్వేషణే గాని గని కాదని అధికారులు చెప్పినది అక్షరాలా నిజమే అయినా, జనం దానికి బదులుగా యురేనియం గని, కర్మాగారం ఉన్న కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెను చూపించారు.

అక్కడ 2007లో శంకుస్థాపన జరిగింది. బోరునీళ్లు చెడిపోతున్నాయన్న ఇప్పటి తగవుకు మూలం మాత్రం ఖనిజాన్ని కరిగించి యురేనియం తీసే పద్ధతిని ఎంచుకోవడంలో ఉంది. జార్ఖండ్‌లోని జాదూగూడలో ఆ పనికి గంధకామ్లం వాడతారు. తుమ్మలపల్లె ఖనిజం సున్నపురాతి జాతికి చెందిన డోలోమైట్‌లో ఉంది కాబట్టి ఆమ్లం పోస్తే దాన్ని రాయే తాగేస్తుంది. అందుకని వేడి, పీడనాల మధ్య సోడియం కార్బొనేట్‌తో కరిగించే క్షార పద్ధతిని తెచ్చారు. కార్బొనేట్‌తో కలిసిన యురేనియం నీటిలో సులువుగా కరుగుతుంది, మట్టిని పట్టుకొని ఉండదు. కర్మాగారానికి మేలు చేసే ఈ గుణమే వ్యర్థాల చెరువు నుంచి ఊట దిగితే బోర్లకు చేటు అవుతుంది. వెంట వచ్చే సోడియం నేలను చౌడుబారుస్తుంది.

2012లో మొదలైన ఈ కర్మాగారాన్ని రోజుకు 3,000 టన్నుల ఖనిజం కోసం కట్టారు. టన్ను రాతిలో యురేనియం అర కిలో కూడా ఉండదు గనుక రాయి దాదాపు అంతా బురదగా చెరువుకే చేరుతుంది, సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పట్టే రేడియం అనే రేడియోధార్మిక మూలకం సైతం అందులోనే మిగిలిపోతుంది. అరటి తోటలు ఎండుతున్నాయని, బోరునీళ్లు రంగు మారాయని, చర్మం దురద పెడుతోందని చెరువు పక్కనున్న కొట్టాల, కనంపల్లె వంటి ఊళ్ల రైతులు చెబుతూ వచ్చారు. ఊట దిగకుండా చెరువు అడుగున బెంటొనైట్ అనే బంకమట్టి, పాలిథీన్ పొర పరవాలన్న అనుమతి షరతు అమలు కాలేదని ఒక విశ్రాంత శాస్త్రవేత్త 2018లో కాలుష్య నియంత్రణ మండలికి రాశారు. మరుసటి ఏడాది మండలి, ఆ గనిని నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్‌కు నోటీసు ఇచ్చింది. ఈ ప్రాంతపు రాళ్లలో యురేనియం సహజంగానే ఉందని, నీళ్లలోకి అక్కడి నుంచే వస్తోందని యూసీఐఎల్ వాదన.

ఆ వాదన కొట్టిపారేయదగినది కాదు. అయితే అది నిలవాలంటే 2012కు ముందు ఏ బోరులో ఎంత యురేనియం ఉండేదో రైతు చేతిలో కూడా ఒక కాగితం ఉండాలి. కొలిచే గీత సైతం ఒకటి కాదు: లీటరు తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి 60.

భూమిలో పాతిపెట్టినది కదలదన్న ధీమా ఇతర చోట్లా దెబ్బతింది. అమెరికాలోని నెవాడాలో 1968లో భూగర్భంలో పేల్చిన అణ్వస్త్రం తాలూకు ప్లుటోనియం సన్నటి రేణువులను అంటిపెట్టుకొని భూగర్భజలంలో 1.3 కిలోమీటర్లు ప్రయాణించిందని 1999లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. అంతవరకు అది రాతికి అతుక్కుపోయి ఉంటుందనే నమ్మేవారు.

కప్పట్రాళ్ల విషయంలో ఎవరు ఏ హామీ ఇచ్చినా, ఇప్పుడు చేయదగిన పని ఒకటుంది: ఒక్క అన్వేషణ బోరు కూడా దిగకముందే చుట్టుపక్కల ఊళ్ల తాగునీటిని, సాగు బోర్లను పరీక్షించి, ఆ లెక్కల నకలు పంచాయతీ కార్యాలయంలో ఉంచడం.