వ్లాదిమిర్ ఎవరివాడు?

రష్యా అధ్యక్షుడు వ్లాదిమిర్ పుతిన్. ఉక్రెయిన్ అధ్యక్షుడు వొలొదిమిర్ జెలెన్‌స్కీ. రెండూ ఒకే పేరు, పలకడంలోనే తేడా. వెయ్యేళ్ళ కిందట కీవ్‌ను ఏలిన ఒక రాజు వల్ల ఆ పేరుకు ఇంత గిరాకీ వచ్చింది. ఆ రాజు మావాడంటే మావాడని రెండు దేశాలూ ఇప్పటికీ తగువు పడుతున్నాయి.

ఆ వ్లాదిమిర్ మొదట్లో పరమ భక్తుడేమీ కాదు. సవతి అన్న యారోపొల్క్‌ను చంపించి గద్దెనెక్కాడు. కీవ్ కొండ మీద పెరూన్ అనే ఉరుముల దేవుడికి వెండి తల, బంగారు మీసం పెట్టి కొయ్య విగ్రహం నిలబెట్టాడు. నాయనమ్మ ఓల్గా అప్పటికే బైజాంటైన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌తో (నేటి ఇస్తాంబుల్) సంబంధం పెట్టుకుని క్రైస్తవం తీసుకుంది. మనవడు ఆమె దారి పట్టడానికి చాలా కాలం పట్టింది.

ఎలా పట్టాడనేదానికి ఒక ముచ్చటైన కథ ఉంది. అన్ని మతాలవాళ్ళనూ పిలిపించి విన్నాడట. ఇస్లాంలో మద్యం కూడదనగానే, తాగడమే మావాళ్ళ సంతోషం, అది లేకుండా మా వల్ల కాదన్నాడట. కాన్‌స్టాంటినోపుల్ వెళ్ళొచ్చిన దూతలేమో, అక్కడి గుడిలో నిలబడితే స్వర్గంలో ఉన్నామో భూమ్మీద ఉన్నామో తెలియలేదన్నారట. ఈ కథ ఉన్న చరిత్ర గ్రంథం రాసింది వందేళ్ళు దాటాక, అదీ మఠంలోని సన్యాసులు. కాబట్టి కాస్త చూసుకుని నమ్మాలి.

అసలు బేరం వేరే. 987లో బైజాంటైన్ చక్రవర్తి రెండవ బాసిల్ మీద సేనాని బర్దాస్ ఫోకాస్ తిరగబడ్డాడు. బాసిల్‌కు సైన్యం కావాలి. వ్లాదిమిర్ సుమారు 6,000 మందిని పంపాడు, బదులుగా చక్రవర్తి చెల్లెలు అన్నాను అడిగాడు. చక్రవర్తి ఏలుతుండగా పుట్టిన ఆడపిల్లను పరాయి రాజులకు ఇవ్వడం ఆ ఇంట ఆచారం కాదు. ఇస్తాం గానీ ముందు బాప్తిస్మం తీసుకో అన్నారు. అన్నా ఏడుస్తూ ఓడ ఎక్కిందని అదే గ్రంథం చెబుతుంది. ఈ ఒక్క మాట నమ్మాలనిపిస్తుంది.

988లో క్రిమియాలోని ఖెర్సొనెస్‌లో వ్లాదిమిర్ బాప్తిస్మం తీసుకున్నాడని ఆ గ్రంథం కథనం. తర్వాత పెరూన్ విగ్రహాన్ని గుర్రం తోకకు కట్టి ఈడ్పించి, కర్రలతో కొట్టించి, నీపర్ నదిలో పారేయించాడు. మర్నాడు ఊరు ఊరంతా నదిలో దిగాల్సిందేనని, రానివాడు తనకు శత్రువేనని చాటింపు వేయించాడు. తన రాబడిలో పదో వంతు రాసిచ్చి గుడి కట్టించాడు.

మాస్కో పేరు తొలిసారి వినబడేది 1147లో. అందుకే కీవ్‌వాళ్ళు, అప్పుడు మీరు లేనే లేరు కదా అంటారు. రష్యా మాత్రం తన పుట్టుక ఆ నదిలోనే ఉందంటుంది. 2014లో క్రిమియాను కలుపుకున్నాక పుతిన్ ఖెర్సొనెస్‌ను యూదులకు, ముస్లింలకు పవిత్రమైన జెరూసలేంలోని టెంపుల్ మౌంట్‌తో పోల్చాడు. 2016లో క్రెమ్లిన్ పక్కనే వ్లాదిమిర్ భారీ విగ్రహం లేచింది. 2019 జనవరిలో ఉక్రెయిన్ ఆర్థడాక్స్ (తూర్పు క్రైస్తవ) చర్చికి మాస్కో పెత్తనం లేని స్వతంత్ర హోదా ఇస్తూ కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్, అంటే అక్కడి ప్రధాన మతగురువు, పత్రం ఇచ్చాడు. ఆ సంగతి ఖాయమయ్యేలా ఉందని తెలిసి మాస్కో చర్చి 2018 అక్టోబరులోనే ఆయనతో తెగతెంపులు చేసుకుంది.

ఆ బాప్తిస్మాన్ని రెండు దేశాలూ జూలై 28నే తలుచుకునేవి. 2024 నుంచి ఉక్రెయిన్ తన పండగను జూలై 15కు మార్చుకుంది.